ఫ్రీ సాఫ్ట్‌వేర్‌ని అనుమానించే ముందు, ఎక్కడినుంచి దించుకున్నారో చూడండి

ప్రశ్న: వీడియోల కోసం వీఎల్‌సీ, డాక్యుమెంట్ల కోసం లిబ్రేఆఫీస్ వేసుకున్నాను. అప్పటినుంచి బ్రౌజర్ హోమ్‌పేజీ దానంతటదే మారిపోతోంది, యాడ్స్ ఆగట్లేదు. ఇవి ఓపెన్ సోర్స్ అట, కోడ్ అందరికీ కనపడుతుంది కాబట్టి ఇలాంటివాటిని హ్యాక్ చేయడం తేలికంటున్నారు. ఇవి తీసేసి డబ్బు పెట్టి వేరేవి కొనుక్కోవాలా?

జవాబు: యాప్ పేరు మారుతుంది గానీ ఇదే ఫిర్యాదు నాకు వస్తూనే ఉంది. కొనక్కర్లేదు. మీ కంప్యూటర్‌ని పాడుచేసింది వీఎల్‌సీ అయ్యుండదు, ఆ పేరు తగిలించుకుని వచ్చిన వేరే ఫైలు అయ్యుంటుంది. ఎక్కడినుంచి డౌన్‌లోడ్ చేశారో మీరు రాయలేదు, దాదాపు ఎవరూ రాయరు, అసలు సంగతంతా అక్కడే ఉంది. సెర్చ్‌లో పేరు కొట్టగానే పైన కనపడే లింకు చాలాసార్లు ప్రకటన. దొంగ సైటువాళ్లు కూడా డబ్బు కట్టి అక్కడికి వస్తున్నారు, అసలు సైటు లోగో, రంగులు, డౌన్‌లోడ్ బటన్ అన్నీ అచ్చంగా దించేసి పెడుతున్నారు. పైగా ఉచితంగా దొరికేదాన్ని తీసుకుని, అందులో ఇంకోటి కలిపి మళ్లీ ప్యాక్ చేయడం వాళ్లకి పెద్ద పని కాదు. ప్లేయర్ మామూలుగానే పనిచేస్తుంది కాబట్టి మీకు అనుమానమే రాదు.

హోమ్‌పేజీ మారడం చిన్న సంగతి. నాకు టెన్షన్ పెట్టేది ఇదే దారిలో వచ్చే పాస్‌వర్డ్ దొంగ మాల్వేర్. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లతో పాటు లాగిన్ కుకీలు (మీరు లాగిన్ అయ్యారని సైటు గుర్తుపెట్టుకోడానికి బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్లు) కూడా అది పట్టుకుపోతుంది. ఆ కుకీ చేతిలో ఉంటే చాలా సైట్లు మీరే లోపల ఉన్నారనుకుంటాయి, ఓటీపీ అడగవు. ఓటీపీ ఉంది కదా అని ధీమాగా ఉన్నవాళ్లు దెబ్బతింటున్నది ఇక్కడే. అందుకని ముందు ఆ కంప్యూటర్‌కి నెట్ తీసేయండి. ఫోన్ నుంచి మీ మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైజ్‌ల నుంచి లాగ్ అవుట్ చేయండి, ఆ తర్వాత బ్యాంకుది, మిగతావి. దయచేసి ఆ పాడైన కంప్యూటర్ ముందే కూర్చుని పాస్‌వర్డ్ మార్చకండి, కొత్తది కూడా వాళ్లకే చేరుతుంది. తర్వాత మీ ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రం పక్కకి తీసుకుని, సిస్టమ్ మొత్తం మళ్లీ కొత్తగా వేయండి. యాంటీవైరస్ ఏమీ లేదంది కదా అని అక్కడితో ఆగిపోవద్దు.

ఈసారి అడ్రస్ మీరే టైప్ చేయండి: వీడియోలాన్ డాట్ ఆర్గ్, లిబ్రేఆఫీస్ డాట్ ఆర్గ్. విండోస్‌లో ఇన్‌స్టాలర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ చూస్తే మొదటిదానికి వీడియోలాన్ అనీ, రెండోదానికి ద డాక్యుమెంట్ ఫౌండేషన్ అనీ కనపడాలి. అరనిమిషం పని.

ఇక కోడ్ కనపడితే ప్రమాదమా అన్నది. కనపడినంత మాత్రాన ఎవరో చదువుతున్నారని కూడా కాదు. 2014లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం, వెబ్‌సైట్లు సమాచారాన్ని రహస్యంగా పంపడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఓపెన్ సోర్స్ కోడ్‌లో రెండేళ్లు ఎవరి కంటా పడలేదు. అదే 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో ఎవరో కావాలని దొంగదారి పెడితే, లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ తవ్వుకుంటూ పోయి పట్టుకున్నాడు. తవ్వే వీలుంది కాబట్టే పట్టుకోగలిగాడు. అందుకే నేను చూసేది ఓపెనా కాదా అన్న ఒక్కటే కాదు, చివరి వెర్షన్ ఎప్పుడు వచ్చిందన్నది కూడా. డాక్యుమెంట్లకి వాడే ఓపెన్‌ఆఫీస్ పేరు తెలుసని ఇప్పటికీ దాన్నే వేసుకునేవాళ్లున్నారు. దానికి 4.1 తర్వాత, అంటే 2014 తర్వాత, చిన్న సవరణలే వచ్చాయి. 2010లో దాన్నుంచే విడిపోయిన లిబ్రేఆఫీస్‌కి ఏడాదికి రెండు కొత్త వెర్షన్లు వస్తున్నాయి. ఫైళ్లని కుదించి జిప్ చేసే 7-జిప్ మంచిదే, కానీ తనంతట తాను అప్‌డేట్ కాదు. 2025 ఆగస్టులో వచ్చిన 25.01 కంటే పాతది మీ దగ్గరుంటే ఈరోజే మార్చండి.

ప్రశ్న: విండోస్ 10 ల్యాప్‌టాప్, 11కి పనికిరాదంటోంది. పారేయాలా?

జవాబు: వద్దు. 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ (సెక్యూరిటీ అప్‌డేట్లు) ఆగిపోయింది గానీ మెషీన్‌కి ఏమీ కాలేదు. విండోస్ బదులు ఉచితంగా వాడుకోగల లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే అందులోంచి నడిపి చూడండి. వైఫై, ప్రింటర్, సౌండ్ పనిచేస్తే అప్పుడు వేసుకోండి. మీకు తప్పనిసరైన సాఫ్ట్‌వేర్ ఏదైనా విండోస్‌కే పరిమితమైతే మాత్రం తొందరపడొద్దు.

విండోస్ 10కి అప్‌డేట్లు ఫలానా తేదీ దాకా అని కనీసం చెప్పారు. మన వైఫై రౌటర్లకీ, స్మార్ట్ టీవీలకీ, ఇంట్లో పెట్టుకునే కెమెరాలకీ చాలావాటికి ఆ మాట కూడా చెప్పరు. కొన్న రెండేళ్లకే అప్‌డేట్లు ఆపేసినా పెట్టె మీద ఎక్కడా రాసుండదు, లైటు మాత్రం పచ్చగా వెలుగుతూనే ఉంటుంది. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఆ గడువు చెప్పి తీరాలని చట్టం ఉంది, అంటే చెప్పడం చేతకాక కాదు, ఎవరూ అడగక. కొత్త రౌటర్ కొనేటప్పుడు స్పీడ్ ఎంత అని కాకుండా సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా అని ముందు అడగండి, జవాబు రాకపోతే పక్కదాన్ని చూడండి.