విద్యుత్ బైక్: పికప్ చూడాలా, నడుము చూసుకోవాలా?

ఎలక్ట్రిక్ మోటార్‌సైకిల్ ఎంచుకునేటప్పుడు సౌకర్యాన్నీ పనితీరునూ ఎలా బేరీజు వేసుకోవాలని చాలామంది పాఠకులు అడిగారు. వాటిలో ఎక్కువమందికి పనికొచ్చే ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: రెండు బండ్లు చూశాను. ఒకదాని బ్రోచర్‌లో మోటారు 9 కిలోవాట్లు, టార్క్ (తిప్పే బలం) 250 న్యూటన్ మీటర్లు అని ఉంది. రెండోదాంట్లో 6 కిలోవాట్లు, 40 న్యూటన్ మీటర్లే. మొదటిదే బలమైనదని తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోకండి. ముందు ఆ 9 పక్కన ‘పీక్’ అని ఉందో, ‘కంటిన్యూయస్’ లేదా ‘రేటెడ్’ అని ఉందో చూడండి. పీక్ అంటే మోటారు కొద్దిసేపు మాత్రమే ఇవ్వగలిగే శక్తి, మిగతా రెండూ ఆగకుండా ఇవ్వగలిగే శక్తి. సిగ్నల్ దగ్గర దూసుకెళ్లడానికో, లారీని దాటడానికో పీక్ చాలు. కానీ మోటారు వైండింగ్‌లో పుట్టే వేడి కరెంటుతో సమానంగా పెరగదు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది. వేడి హద్దుకు చేరగానే కంట్రోలర్ తనంతట తానే కరెంటు తగ్గించేస్తుంది. అప్పటిదాకా ఎగిరిపడిన బండి ఒక్కసారిగా నీరసపడుతుంది.

లెక్క వేసి చూద్దాం. 110 కిలోల బండి, 65 కిలోల మనుషులిద్దరు, మొత్తం 240 కిలోలు. వంద మీటర్లకు పది మీటర్లు లేచే ఎత్తు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లాలంటే చక్రం దగ్గర దాదాపు 3.4 కిలోవాట్లు కావాలి. చైన్‌లో, గేర్లలో పోయేది కలుపుకుంటే మోటారు నాలుగుకు దగ్గరగా ఇవ్వాలి. మీరు చూసిన మొదటి బండి పీక్ 9, కంటిన్యూయస్ 3 అయితే ఆ ఎత్తు కాసేపు బాగానే ఎక్కుతుంది, తర్వాత వేగం పడిపోతుంది. రెండోదాని 6 కంటిన్యూయస్ అయితే పైదాకా ఒకే వేగంతో పోతుంది.

టార్క్ అంకెలో మరో తిరకాసు ఉంది. 250 అనేది చాలావరకు వెనక చక్రం దగ్గర లెక్క, 40 అనేది మోటారు షాఫ్ట్ దగ్గర లెక్క అయ్యుంటుంది. మోటారుకీ చక్రానికీ మధ్య గేర్ నిష్పత్తి 7 అయితే ఆ 40 కాస్తా చక్రం దగ్గర 280 అవుతుంది, నష్టాలు పోగా కొంచెం తక్కువ. కాబట్టి రెండు అంకెలూ ఒకే చోట కొలిచినవా అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే బ్రోచర్‌లో టార్క్ వరసను వదిలేసి, కంటిన్యూయస్ పవర్‌తోనే పోల్చుకోండి.

ప్రశ్న: నా బండి బ్యాటరీ 4 కిలోవాట్ అవర్లు. కొన్నప్పుడు 130 కిలోమీటర్లు వస్తుందన్నారు. హైవే మీద ఒక చార్జింగ్‌కు 60 కిలోమీటర్లు దాటడం కష్టంగా ఉంది. బ్యాటరీ పాడైందా?

జవాబు: మీరు హైవే మీద 80 వేగంలో వెళ్తుంటే బ్యాటరీ బాగానే ఉన్నట్టు. గాలి నిరోధం వేగం వర్గాన్నిబట్టి పెరుగుతుంది. నిటారుగా కూర్చునే మామూలు బైక్ 50 వేగంలో కిలోమీటరుకు సుమారు 30 వాట్ అవర్లు తాగితే, 80లో 60 దాకా, 100లో 85 దాకా తాగుతుంది. 4 కిలోవాట్ అవర్లలో వాడుకోగలిగేది 3,600 వాట్ అవర్లనుకోండి. 50లో 120 కిలోమీటర్లు, 80లో 60, 100లో 42 వస్తాయి. వాళ్లు చెప్పింది దాదాపు మొదటి అంకె, మీరు చూస్తున్నది రెండోది.

సౌకర్యానికీ పనితీరుకూ నిజంగా పేచీ వచ్చేది ఇక్కడే. నిటారుగా కూర్చుంటే నడుముకు హాయి, కానీ ఛాతీ గాలికి అడ్డం పడుతుంది. పక్కలకు పెట్టెలు తగిలిస్తే ఇంకా అడ్డం. ముందుకు వంగే స్పోర్ట్ బైక్ గాలిని తప్పించుకుంటుంది, కానీ ఊళ్లో తక్కువ వేగంలో ఒంటి బరువు మణికట్ల మీద పడుతుంది.

పెద్ద బ్యాటరీ ఉన్న బండి కొంటే తీరిపోదా అంటే, బ్యాటరీ పెట్టెతో కలిపి ప్రతి కిలోవాట్ అవర్‌కూ ఆరేడు కిలోల బరువు వస్తుంది. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకమైతే ఇంకొంచెం ఎక్కువ, అయితే అది ఎక్కువ ఏళ్లు మన్నుతుంది. మోటో-ఈ అనే విద్యుత్ బైకుల పందేల కోసం డుకాటీ మొదట తయారుచేసిన బైక్ బరువు 225 కిలోలైతే అందులో బ్యాటరీ ఒక్కటే 110 కిలోలు. వేగమూ దూరమూ రెండూ కావాలంటే బరువు రూపంలో కట్టాల్సిన మూల్యం అది. అందుకే మీరు రోజూ ఎక్కువసేపు ఏ వేగంలో వెళ్తారో ముందు తేల్చుకోండి. 50 లోపలైతే మధ్యరకం బ్యాటరీ, తేలిక బండి చాలు. రోజూ 80 దాటేవాళ్లు మాత్రమే పెద్ద బ్యాటరీ బరువు మోయాలి.

ప్రశ్న: ట్రయల్ చూసినప్పుడు సీటు మెత్తగా, హాయిగా అనిపించింది. ఇప్పుడు గంట నడిపితే నడుం పట్టేస్తోంది. ఇంజిన్ అదురు కూడా లేదు కదా, ఎందుకిలా?

జవాబు: అదురు లేకపోవడం చేతులకు, పాదాలకు మేలు. నడుముకు దెబ్బ తగిలేది రోడ్డు నుంచి. దానికి సస్పెన్షన్, సీటు, కూర్చునే తీరు, ఈ మూడూ కారణమే.

సీటు విషయం తేలిక. పది నిమిషాల్లో హాయిగా అనిపించే మెత్తటి ఫోమ్ అరగంటలో అణిగిపోయి, అడుగున ఉన్న ప్లాస్టిక్ మీద కూర్చున్నట్టవుతుంది. కాస్త గట్టిగా, వెడల్పుగా ఉన్న సీటే దూరానికి మంచిది. బొటనవేలితో గట్టిగా నొక్కితే అడుగు తగిలే సీటును వదిలేయండి.

కూర్చునే తీరులో విద్యుత్ బండ్లకు ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. బ్యాటరీ పెట్టె వెడల్పుగా ఉన్న మోడళ్లలో మోకాళ్లు బయటికి తెరుచుకుంటాయి. తుంటి దగ్గర మొదలైన పట్టు నడుముకు ఎక్కుతుంది. మోకాళ్లు ట్యాంకు ఆకారాన్ని తేలిగ్గా పట్టుకునేలా ఉండాలి.

ఇక సస్పెన్షన్. చాలా బండ్లు ఎవరి బరువుకూ సరిచేయకుండానే చేతికొస్తాయి. ఇద్దరి సాయం, ఒక టేపు ఉంటే మీరే చూసుకోవచ్చు. వెనక చక్రం నేలకు తగలకుండా బండిని ఎత్తి, ఇరుసు నుంచి సరిగ్గా పైన సీటు కింద ఒక గుర్తు వరకు కొలవండి. తర్వాత హెల్మెట్, బ్యాగు అన్నీ వేసుకుని, పాదాలు ఫుట్‌రెస్ట్ మీద పెట్టి కూర్చోండి. ఒకరు ముందు పట్టుకోవాలి, ఇంకొకరు అదే చోట మళ్లీ కొలవాలి. రెండు కొలతల తేడా, సస్పెన్షన్ కదలగలిగే మొత్తం దూరంలో, అంటే ట్రావెల్‌లో మూడో వంతుకు కాస్త తక్కువ ఉండాలి. ట్రావెల్ 120 మిల్లీమీటర్లైతే తేడా 35 నుంచి 40. అంతకంటే ఎక్కువ దిగితే ప్రీలోడ్ (స్ప్రింగును ముందే కొంత నొక్కి ఉంచే సర్దుబాటు) పెంచండి, తక్కువైతే తగ్గించండి. ప్రీలోడ్ స్ప్రింగును గట్టిపరచదు, బండి ఎత్తును మాత్రమే మారుస్తుంది. అందుకే ఆఖరి మెట్టుకు తిప్పినా ఎక్కువే దిగుతుంటే మీ బరువుకు ఆ స్ప్రింగ్ చాలదు, గట్టిది మార్పించాల్సిందే. కొత్త బండి చూసేటప్పుడే ప్రీలోడ్ సర్దుబాటు ఉందో లేదో అడగాలి. కొన్నిటికి అసలు ఉండదు.

ముందు ఫోర్క్‌కు ఇంకా తేలిక పద్ధతి ఉంది. లోపలి గొట్టం చుట్టూ సన్నని ప్లాస్టిక్ టై కట్టి, కింది సీలుకు ఆనించండి. మీరు రోజూ వెళ్లే గతుకుల రోడ్డు మీద ఒకసారి తిరిగి రండి. టై ఎంత దూరం జరిగిందో ఫోర్క్ అంత కదిలింది. చివరిదాకా జరిగితే ఫోర్క్ అడుగంటుతోంది, సగం కూడా జరగకపోతే మీకు మరీ గట్టిగా ఉంది.

ఇవన్నీ చూసే ముందు టైర్లలో గాలి చూడండి. మైలేజీ కోసం గాలి ఎక్కించి నడిపేవాళ్లు చాలామంది. బండి మీద అంటించిన స్టిక్కర్‌లోని అంకె ప్రకారం, టైర్లు చల్లగా ఉన్నప్పుడు పట్టించాలి. ఎక్కువైతే కుదుపు పెరుగుతుంది, తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది.

ప్రశ్న: వెనక చక్రంలోనే ఉండే హబ్ మోటారు మంచిదా, బండి మధ్యలో ఉండే మోటారా?

జవాబు: మోటార్‌సైకిల్‌కైతే మధ్యలో ఉండేదే. హబ్ మోటారు బరువంతా చక్రంతోపాటే పైకీ కిందికీ ఊగుతుంది. ఆ బరువును షాక్స్ అదుపు చేయలేకపోయినప్పుడు గతుకు దెబ్బ నేరుగా వెన్నుకు తగులుతుంది, చక్రం రోడ్డును వదిలి ఎగురుతుంది కూడా. కాయిల్స్ చక్రం మధ్యలో మూసుకుని ఉంటాయి కాబట్టి వేడి బయటికి పోవడమూ కష్టమే. చైన్ బాధ లేకపోవడం, చప్పుడు తక్కువ కావడం దాని లాభాలు. నున్నటి రోడ్ల మీద తక్కువ దూరాలకు ఫర్వాలేదు.

ప్రశ్న: థ్రాటిల్ వదలగానే వెనక కూర్చున్న మా ఆవిడ ముందుకు తూలుతోంది. రీజెన్ (థ్రాటిల్ వదిలినప్పుడు మోటారే బండిని నెమ్మదింపజేస్తూ బ్యాటరీకి కరెంటు తిరిగి పంపే ఏర్పాటు) తీసేయాలా?

జవాబు: పూర్తిగా తీసేయక్కర్లేదు, ఇద్దరున్నప్పుడు తక్కువ స్థాయిలో పెట్టండి. థ్రాటిల్‌ను ఒక్కసారి వదలకుండా నెమ్మదిగా తిప్పుతూ మూస్తే సగం కుదుపు పోతుంది. ఇంకా తగ్గకపోతే చైన్ వదులు చూడండి. వదులైన చైన్ థ్రాటిల్ తెరిచినప్పుడూ మూసినప్పుడూ టక్కుమని గుంజుతుంది. ఒక జాగ్రత్త: బ్యాటరీ నిండా ఉన్నప్పుడు తిరిగొచ్చే కరెంటుకు చోటుండదు, అందుకని రీజెన్ పనిచేయదు, లేదా బాగా తగ్గిపోతుంది. ఫుల్ చార్జింగ్‌తో బయల్దేరిన రోజు మొదటి మలుపులోనే ఆ తేడా తెలుస్తుంది. వేళ్లు బ్రేకు మీదే ఉంచండి.

ప్రశ్న: టెస్ట్ రైడ్‌లో ఏం చూడాలి?

జవాబు: బ్యాటరీ 25 శాతం దగ్గర ఉన్న బండి అడగండి. నిండా ఉన్నప్పుడు అన్ని బండ్లూ చురుగ్గానే ఉంటాయి. చార్జింగ్ తగ్గేకొద్దీ వోల్టేజీ పడిపోయి, కంట్రోలర్ కరెంటు కోసేస్తుంది, అప్పటి పికప్పే మీరు సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు దొరికే పికప్. రోజూ వెనక కూర్చునేవారినే ఎక్కించుకోండి. స్పీడ్ బ్రేకర్‌ను 20 వేగంలో దాటి, వెనకవారికి ఎలా తగిలిందో అడగండి. ఎత్తున్న రోడ్డు దొరికితే ఆగకుండా రెండుమూడుసార్లు ఎక్కించి, చివరిసారి కూడా మొదటి వేగమే వస్తోందా చూడండి. తర్వాత నడక వేగంలో యూ టర్న్ తిప్పండి. క్లచ్ ఉండదు కాబట్టి వెనక బ్రేకును కొద్దిగా పట్టి ఉంచి థ్రాటిల్ ఇవ్వాలి. బ్రేకు పట్టగానే మోటారుకు కరెంటు పూర్తిగా ఆపేసే బండ్లూ ఉన్నాయి. వాటిమీద ఇరుకు సందుల్లో తిప్పడం కష్టం, ట్రాఫిక్‌లోనే ఎక్కువగా తిరిగేవాళ్లు అలాంటి బండి తీసుకోవద్దు.