లెక్కల్లో 98, డైరీ మాత్రం ఖాళీ

చి. అమ్మాయికి పెదనాన్న దీవెనలు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన మీ అబ్బాయి ప్రోగ్రెస్ కార్డు చూశాను. లెక్కల్లో 98. కింద ఎర్ర సిరాతో ‘నిర్లక్ష్యం ఎక్కువ, ఎవరితోనూ కలవడు’ అని. ఈ రెండూ మావాడి గురించేనా అని అడిగావు. అవునమ్మా. కావలి చుట్టుపక్కల హైస్కూళ్లలో లెక్కలు చెప్పినన్నాళ్లూ ఇలాంటి పిల్లలు నాకు తగులుతూనే ఉండేవాళ్లు. బోర్డు మీద లెక్క పూర్తికాకముందే జవాబు చెప్పేస్తారు, హోంవర్క్ నోట్సు మాత్రం ఇంట్లో ఉంటుంది. చేయక కాదు, చేసి మర్చిపోయి.

దాన్ని బద్ధకం అనుకున్నంతకాలం తిట్లతోనే సరిపోతుంది. లెక్క అర్థం కావడం వేరు, ఏ వస్తువు ఎక్కడ పెట్టాలో, ఏ పని ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియడం వేరు. ఆ రెండోది వాడికి తనంతట తాను రాదు. ఎక్కాలు నేర్పినట్టు రోజూ కూర్చోబెట్టి నేర్పాలి.

ముందు బ్యాగు సంగతి చూడు. ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో రంగు అట్ట వెయ్యి, టెక్స్ట్‌బుక్కుకీ నోట్సుకీ అదే రంగు. విడి కాగితాలన్నిటికీ ఒకే ఒక్క జిప్ కవరు. బ్యాగు రాత్రే సర్దించు, పొద్దున బస్సు హారన్ కొడుతుంటే కాదు. నువ్వు సర్దిపెట్టొద్దు. పక్కన కూర్చుని ‘రేపు ఫస్ట్ పీరియడ్ ఏంది?’ అని అడుగు, చాలు. పుస్తకం స్కూల్లో వదిలేసి వస్తే గొడవ చేయొద్దు. రాష్ట్ర సిలబస్ పుస్తకాలు వాటిని తయారుచేసే ప్రభుత్వ సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌లుగా దొరుకుతాయి, ఫోన్లో పెట్టుకో.

అసలు చిక్కు డైరీ దగ్గర. హోంవర్కు చెప్పేది బెల్లు కొట్టాక, అందరూ లేచి అరుస్తున్నప్పుడు. వాడి చెవికెక్కదు. చివరి పీరియడ్ టీచరుని ఒక్క నిమిషం డైరీ చూసి సంతకం పెట్టమని అడుగు. స్కూల్లో అందరికీ మొరపెట్టుకోవడం కంటే వాణ్ణి ఇష్టపడే ఒక్క టీచరుని పట్టుకోవడం మేలు. వాడి గురించి ఒక పేజీ రాసి ఇవ్వు: ఏం బాగా వచ్చు, ఎక్కడ తడబడతాడు, ఏం చేస్తే కుదుటపడతాడు. పేరెంట్స్ మీటింగులో లైన్లో నిలబడి చెప్తే ఎవరికీ గుర్తుండదు.

స్నేహితుల విషయం ఇంతకంటే కష్టం. ‘అందరితో కలువు’ అంటే వాడికి ఏం చేయాలో తెలియదు. ఆడుకునేవాళ్ల దగ్గరికి వెళ్లి ‘నన్నూ చేర్చుకుంటారా’ అని అడగడం ఇంట్లో చెల్లెలితో పలికించు. శ్రీహరికోట రాకెట్ల గురించి మొదలుపెడితే ఎదుటివాడు ఆవలించినా ఆపడన్నావు. (నాకైతే వినాలనే ఉంది.) రెండు సంగతులు చెప్పాక ‘నువ్వేం చూశావు?’ అని అడగాలని నేర్పు. సార్ బోర్డు మీద తప్పు రాస్తే క్లాసులో అరవకుండా కాగితం మీద రాసుకుని, తర్వాత వెళ్లి చెప్పమను. ముప్పై మంది స్నేహితులు అక్కర్లేదు, చెస్ ఆడేవాడు ఒక్కడు దొరికితే వాణ్ణి ఆదివారం ఇంటికి పిలిచి ఇంత అన్నం పెట్టు. ఎవరైనా ఏడిపిస్తుంటే మాత్రం తేదీ, పేరు రాసిపెట్టి హెడ్మాస్టరుకి లిఖితంగా ఇవ్వు. అక్కడ మొహమాటం వద్దు.

రొట్టెల పండక్కి తీసుకెళ్తే జనం గోలకి చెవులు మూసుకుని కూర్చున్నాడన్నావు. ఆ మాట డాక్టరుకి తప్పకుండా చెప్పు. అదొక్కటే చూసి ఏ పేరూ పెట్టలేం, కానీ పరీక్ష చేయించడంలో నామోషీ లేదు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే ప్రభుత్వ మండలి రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టునే (మానసిక పరీక్షలు చేసే నిపుణుణ్ణే) చూడు. ఎటూ మనవాళ్లు వైద్యానికి చెన్నై వెళ్లడం అలవాటే. అక్కడ ముట్టుకాడులో ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవాళ్ల కోసం పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఎండీ ఉంది, ఆటిజం (నలుగురితో కలవడం, మాట్లాడటం కష్టమయ్యే ఎదుగుదల తేడా) ఉన్న పిల్లల్ని కూడా చూస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో ఆటిజం, చదువులో వచ్చే ప్రత్యేక ఇబ్బందులు కూడా ఉన్నాయి. తెలివిగలవాడు కదా, వాడికెందుకు అనకు. అవసరమని తేలితే, సర్టిఫికెట్ వస్తే, పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయం లాంటివి అడగొచ్చు. కాకపోతే ఆ పని పదో తరగతి ఫీజు కట్టేటప్పుడు కాదు, ఇప్పుడే మొదలుపెట్టాలి.

మీ ఆయన నెల్లూరు హాస్టల్లో వేస్తే క్రమశిక్షణ వస్తుందంటున్నాడు. నాకు ససేమిరా ఇష్టం లేదు. ఇంట్లో ఒక బ్యాగు సర్దుకోలేనివాడు అక్కడ బట్టలు, బకెట్టు, పెట్టె తాళం, రాత్రి స్టడీ అవర్ అన్నీ ఒక్కడే చూసుకోవాలి. ఏడిపించేవాళ్ల నుంచి సాయంత్రం తప్పించుకుని ఇంటికొచ్చే దారి కూడా ఉండదు. కనీసం ఈ ఏడాది ఆగమని చెప్పు. వినకపోతే ఆదివారం నాకు ఫోన్ చేయించు, నేను మాట్లాడతా.

మీ పెదనాన్న