షాక్ అనే ముందు

మల్లేశ్వరం, బెంగళూరు

బుజ్జీ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. ప్లాస్మా (అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన వేడి వాయువు) ప్రవాహానికి అడ్డంగా పెట్టిన రాడ్ ముందు విల్లులా వంగిన తెల్లటి గీత, కింద "షాక్ వచ్చింది పెదనాన్నా" అని మెసేజ్. కరెంటు షాక్ కాదులే, అలల కంటే వేగంగా వచ్చే ప్రవాహం అడ్డు తగిలినప్పుడు పుట్టే షాక్ వేవ్. సంతోషమే. మీ సార్‌కి మాత్రం ఇప్పుడే చూపించకు.

ముందు ఒక కాగితం తీసుకో. ప్రవాహం సెకనుకు 50 కిలోమీటర్లు అన్నావు. అల్యూమినియం ప్లాస్మా, ఘన సెంటీమీటరుకి 10¹⁷ అయాన్లు అనుకుందాం. అయస్కాంత క్షేత్రం 2 టెస్లాలైతే ఆల్ఫ్‌వెన్ వేగం (క్షేత్రం ఉన్న ప్లాస్మాలో అలలు పరుగెత్తే వేగం) సెకనుకు సుమారు 27 కిలోమీటర్లు వస్తుంది. ధ్వని వేగం కూడా లెక్కలోకి తీసుకోవాలి (వర్గాలు కూడి వర్గమూలం), అయినా నీ ప్రవాహానిదే పైచేయి కావచ్చు. అదే 4 టెస్లాలైతే? ఆల్ఫ్‌వెన్ వేగమే 53 దాటుతుంది. ఇక షాక్ ఎక్కడిది? ముందు రాడ్ ఉందన్న కబురు ఎదురెళ్లి చేరిపోతుంది, ప్రవాహం మెల్లగా నెమ్మదిస్తుంది, అంతే. మరి నీ దగ్గర ఉన్నది రెండా, నాలుగా? కరెంటును బట్టి అంచనా కట్టానన్నావు. అది చాలదు, కొలవాలి.

ఎస్పీ రోడ్‌కి వెళ్లి సన్నటి ఎనామెల్ రాగి తీగ కొనుక్కో. క్షేత్రాన్ని కొలిచే ఒకే ప్రోబ్‌లో రెండు తీగ చుట్లు, ఒకటి కుడికి, ఒకటి ఎడమకి. క్షేత్రం మారితే వాటిలో పుట్టే వోల్టేజీలు ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉంటాయి. ప్లాస్మా తీగకు అంటించే దొంగ వోల్టేజీ మాత్రం రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే దొంగ పోతాడు. మిగిలింది క్షేత్రం మారే వేగం మాత్రమే, కాలంతో ఇంటిగ్రేట్ చేస్తేనే టెస్లాలు వస్తాయి.

ఈ మాట ఊరికే చెప్పడం లేదు. నా కుర్రతనంలో ఒకే చుట్టుతో మూడు నెలలు కొలిచి, నిటారుగా లేచిన పీక్ చూపించి అందరికీ స్వీట్లు పంచాను. ఒకరోజు ఎందుకో ప్రోబ్‌ను సగం చుట్టు తిప్పి బిగించాను. ట్రేస్ (తెర మీద వోల్టేజీ గీసే గీత) తలకిందులు కావాలి కదా? కాలేదు, అచ్చం అలాగే లేచింది. ఆ రాత్రి మెస్‌లో అన్నం సహించలేదు.

ఫోటోనీ అంతే అనుమానించు. ఆ ఫోటో తీసిన ఇంటర్‌ఫెరోమీటర్‌కి (కాంతితో ప్లాస్మా సాంద్రత చూపే పరికరం) కాంతి దారిలో ఉన్న ఎలక్ట్రాన్లన్నీ ఒక్కటే. రాడ్ ఒంటి మీంచి ఆవిరైన ప్లాస్మా కూడా అలాగే మెరుస్తుంది. క్షేత్రం ప్రవాహానికి అడ్డంగా ఉండి ప్లాస్మాతో పాటే కదులుతుంటే, గీత దాటాక సాంద్రత ఎన్ని రెట్లు పెరిగిందో క్షేత్రమూ ఇంచుమించు అన్ని రెట్లే పెరగాలి. ఆ రెండూ కలిస్తే అప్పుడు స్వీట్లు కొను.

లండన్ ఇంపీరియల్ కాలేజీలో మ్యాగ్‌పై అని ఒక యంత్రం ఉంది. 14 లక్షల ఆంపియర్లను 240 నానోసెకన్లలో సన్నటి తీగల్లోకి తోస్తుంది. మీది అంత పెద్దది కాదులే. కానీ చార్జ్ దాచుకునే కెపాసిటర్ ఏదైనా కెపాసిటరే. డిశ్చార్జ్ చేసి వదిలేసినా కాసేపటికి కొంత చార్జ్ మళ్లీ పైకి తేలుతుంది. గ్రౌండింగ్ కర్ర కొక్కెం తగిలించి, అలాగే వేలాడనిచ్చి, ఆ తర్వాతే చెయ్యి పెట్టు. ఒంటరిగా మాత్రం వద్దు. ఈ విషయంలో మీ పెద్దమ్మ నాకంటే గట్టిగా చెప్పమంది.

ఆదివారం భోజనానికి రా. ప్రోబ్ తిప్పక ముందు, తిప్పిన తర్వాత ట్రేసులు రెండూ ప్రింట్ తీసుకుని రా. ఫోన్‌లో ఆ గీతలు నా కంటికి ఆనవు.

పెదనాన్న