ఎండకు ఒళ్లు అలవాటు పడేదెలా?

ప్రశ్న: చల్లటి ప్రాంతం నుంచి 42 డిగ్రీల ఎండ కాసే చోటికి మూడు వారాల పని మీద వెళ్తున్నాను. మొదటి నాలుగు రోజులు ఏసీ గదిలోనే ఉండి, ఒళ్లు కాస్త అలవాటయ్యాక బయట తిరగవచ్చా?

జవాబు: ఏసీలో కూర్చుంటే ఒళ్లు అలవాటు పడేది ఏసీకే. వేడిలో కదలాలి, చెమట పట్టాలి. రోజుకు గంట, గంటన్నర చాలు. రాత్రి చల్లటి గదిలో పడుకున్నా నష్టం లేదు. చేయాల్సిన పనిలో మొదటి రోజు ఐదో వంతే చేయండి. రోజుకు ఇంకో ఐదో వంతు పెంచుకుంటూ పొండి.

మొదటి నాలుగైదు రోజుల్లో రక్తంలో ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, పెరుగుతుంది. అంతవరకూ ఉన్న రక్తాన్నే చర్మం, కండరాలు పంచుకోవాలి కాబట్టి గుండె దడ, లేచి నిలబడగానే కళ్లు తిరగడం మామూలే. తర్వాత చెమట గ్రంథుల వంతు. చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, కానీ అందులో ఉప్పు తగ్గుతుంది. ఆల్డోస్టిరాన్ హార్మోను పుణ్యమా అని గ్రంథులు ఉప్పును వెనక్కి లాక్కుంటాయి. మొదట్లో చొక్కా మీద తెల్లగా కట్టే ఉప్పు చారలు పలచబడుతున్నాయంటే ఒళ్లు దారికొస్తున్నట్టే. పూర్తిగా కుదురుకోవడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది.

చాలామంది పొరబడేది నీళ్ల దగ్గర. అలవాటు పడిన ఒంటికి నీళ్లు తక్కువ కాదు, ఎక్కువే కావాలి. ఎండలో పని చేస్తున్నంతసేపూ ఇరవై నిమిషాలకో గ్లాసు తాగండి. అలాగని గంటకు లీటరు దాటించకండి. నీళ్లు మరీ ఎక్కువై రక్తంలో సోడియం పడిపోతే తలనొప్పి, వాంతులతో మొదలై మూర్ఛల దాకా వెళ్తుంది. బీపీకి నీటి మాత్రలు (మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి) వాడేవాళ్లు బయలుదేరే ముందే డాక్టర్ని అడగాలి.

మాట తడబడినా, మనిషి తికమకపడినా అది వడదెబ్బే అనుకోండి, చెమట పడుతున్నా సరే. నీడకు చేర్చి, ఒళ్లంతా చన్నీళ్లు పోసి, గాలి విసురుతూ అంబులెన్స్ పిలవండి. పారాసెటమాల్ ఇక్కడ పనిచేయదు.

ప్రశ్న: చలికీ ఇలాగే అలవాటు పడతామా?

జవాబు: చలి విషయంలో ఒంటిని నమ్ముకోవద్దు. కొన్నాళ్లకు వణుకు తగ్గవచ్చు. అంతమాత్రాన ఒంట్లో వేడి పెరిగినట్టు కాదు. పొరలు పొరలుగా బట్టలు వేసుకోవడమే ఉపాయం. లోపలి పొర మాత్రం నూలుది వద్దు. చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోతుంది, నడక ఆపగానే చలి అక్కడే పట్టుకుంటుంది.