ఫెడరల్ కేసుకు లాయర్‌ను వెతికేటప్పుడు మేము చేసిన పొరపాట్లు

అమెరికాలో ఉన్న మీ తమ్ముడికి ప్రాసిక్యూటర్ కార్యాలయం నుంచి టార్గెట్ లెటర్, అంటే దర్యాప్తు అతని మీదే గురిపెట్టిందని తెలిపే ఉత్తరం, వచ్చిందని రాశారు. తెలిసిన తెలుగు లాయర్‌ను పెట్టుకోవాలా, ఎక్కువ ఫీజు తీసుకునే పెద్ద లాయర్‌ను పెట్టుకోవాలా అని అడిగారు. నా అభిప్రాయంలో ఆ రెండూ కొలతలు కావు. ఆ జిల్లా ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) కోర్టులో, అవే జడ్జీల ముందు, అవే ప్రాసిక్యూటర్లకు ఎదురుగా ఏళ్ల తరబడి క్రిమినల్ కేసులు నడిపిన మనిషి కావాలి. ఆ మనిషి తెలుగువారైతే సంతోషం, కాకపోతే నష్టమేమీ లేదు.

మా పెదనాన్నగారి అబ్బాయి న్యూజెర్సీలో చిన్న కన్సల్టెన్సీ నడిపేవాడు. లేని ప్రాజెక్టులను ఉన్నట్టు చూపించి హెచ్‌1బీ దరఖాస్తులు పెట్టాడన్నది అతని మీద వచ్చిన ఆరోపణ. ఒకరోజు తెల్లవారుజామున ఇద్దరు ఫెడరల్ దర్యాప్తు ఏజెంట్లు తలుపు తట్టారు. ఇంటికి వచ్చినవారిని గుమ్మంలో నిలబెట్టకూడదన్న మర్యాదతో అన్నయ్య వారిని కూర్చోబెట్టి, వదిన చేత కాఫీ పెట్టించి, గంటసేపు మాట్లాడాడు. ఆ గంటలో ఒకే ఒక్క విషయంలో, అంటే ఒక కాగితం మీది సంతకం తనదా కాదా అన్నచోట, భయపడి అబద్ధం చెప్పాడు. ప్రమాణం చేయకపోయినా, కోర్టు గడప తొక్కకపోయినా, ఫెడరల్ అధికారికి కీలకమైన విషయంలో తెలిసి అబద్ధం చెప్పడమే విడిగా ఒక నేరమనీ, దానికి 5 ఏళ్ల దాకా శిక్ష పడవచ్చనీ మాకు తర్వాత తెలిసింది. లాయర్‌తో మాట్లాడాక వస్తానని చెప్పి తలుపు వేసుకుని ఉంటే సరిపోయేది.

అంతకన్నా పెద్ద తెలివితక్కువ పని ఆ తర్వాత చేశాం. అన్నయ్య కంపెనీకి వీసా పనులు చూసే ఇమిగ్రేషన్ లాయర్ దగ్గరికే పరుగెత్తాం. ఆయన 40 వేల డాలర్లు అడిగి, ప్రాసిక్యూటర్ తనకు తెలుసనీ, వ్యవహారాన్ని అక్కడితో ఆపిస్తాననీ ధైర్యం చెప్పారు. కేసులో ఉన్న దరఖాస్తులను తయారుచేసిన మనిషి ఆయనే. రేపు ఆయనే సాక్షి కావచ్చు, ఇంకా దూరం వెళితే నిందితుడూ కావచ్చు. పది మంది చదువుకున్నవాళ్లం కూర్చుని చర్చించి కూడా ఈ సంగతి ఎవరికీ తట్టలేదు. రెండు నెలలు పోయాయి, కట్టిన డబ్బులో సగం తిరిగి రాలేదు. మనవాళ్లతో ఇదే నా ఫిర్యాదు: స్టేషన్‌కు ఫోన్ చేయించినట్టు, ఎమ్మెల్యేగారి సిఫార్సు తెచ్చినట్టు, అక్కడ కూడా ఎవరో ఒకరి చేత మాట్లాడిస్తే పని అయిపోతుందని నమ్ముతారు.

చివరికి నెవార్క్‌లో ఒకామె దొరికారు. చాలా ఏళ్లు ప్రభుత్వ ఫెడరల్ డిఫెండర్‌గా, అంటే లాయర్‌ను పెట్టుకోలేని నిందితుల తరఫున వాదించే లాయర్‌గా, పనిచేసి, తర్వాత సొంతంగా ప్రాక్టీసు పెట్టుకున్నారు. వదిన పెట్టెడు కాగితాలతో, నేను ఒక నోటుపుస్తకంతో వెళ్లాం. ఆమె మొట్టమొదట చేసిన పని మా ఇద్దరినీ బయట కూర్చోమనడం. వదినకు కళ్ల నీళ్లు తిరిగాయి. మూడో మనిషి వింటే ఆ సంభాషణకు గోప్యత రక్షణ పోవచ్చనీ, రేపు మమ్మల్నే సాక్షులుగా పిలవవచ్చనీ ఆమె తర్వాత వివరించారు. లోపల అన్నయ్యను ముందుగా అడిగినవి రెండే ప్రశ్నలట: ఏజెంట్లతో ఏం మాట్లాడావు, నీది సిటిజన్‌షిప్పా, గ్రీన్ కార్డా.

ఆ రెండో ప్రశ్న అడగని లాయర్ దగ్గర మీరు ఒక్క నిమిషం కూడా కూర్చోకండి. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపించే ప్రమాదం ఉందా లేదా అన్నది క్లయింటుకు చెప్పడం డిఫెన్స్ లాయర్ బాధ్యత అని 2010లో పడిల్లా కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. వీసా మోసం కేసులో శిక్ష 12 నెలలకు చేరితే అది ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో మరింత తీవ్రమైన నేరాల జాబితాలోకి వెళుతుంది. అందుకే ఆమె పోరాటమంతా ఆ గీత కింద ఉండడం కోసమే సాగింది. 8 నెలల శిక్ష పడింది. దేశం నుంచి పంపించే కేసు తప్పలేదు గానీ, దాన్ని రద్దు చేయమని ఇమిగ్రేషన్ జడ్జిని అడిగే దారి మిగిలింది.

సినిమాల్లోలాగా బోనులో సాక్షిని నిలదీసే లాయర్ కోసం వెతకకండి. 2018లో ఫెడరల్ కోర్టుల్లో నిందితుల్లో 90 శాతం మంది నేరం ఒప్పుకున్నారు, ట్రయల్ దాకా వెళ్లినవారు 2 శాతమే. శిక్ష పూర్తికాకముందే విడుదల చేసే పెరోల్ అన్నది ఫెడరల్ కేసుల్లో 1987 నవంబరు నుంచి జరిగిన నేరాలకు లేనే లేదు. కాబట్టి నేరం ఒప్పుకునే విషయంలో ప్రాసిక్యూటర్‌తో బేరం ఎంత బాగా కుదిర్చారు, శిక్ష లెక్క ఎంత జాగ్రత్తగా కట్టారు అన్నదే అసలు పని. గెలిస్తేనే ఫీజు అనేవారు ఎదురైతే లేచి వచ్చేయండి, క్రిమినల్ కేసుల్లో అలాంటి ఒప్పందానికి అక్కడి నియమాలు ఒప్పుకోవు. డబ్బు లేకపోతే కోర్టు నియమించే ఫెడరల్ డిఫెండర్‌ను ఉచిత లాయర్ అని చిన్నచూపు చూడకండి. వారు చేసేదంతా ఫెడరల్ క్రిమినల్ కేసులే. మమ్మల్ని మొదట 40 వేలు అడిగినాయనకు ఆ కోర్టులో అలాంటి కేసు ఒక్కటి కూడా నడిపిన అనుభవం లేదు.

తమ్ముడి ఫోన్‌లోని వాట్సాప్ మెసేజీలు తీసేయమంటారా అని చివర్లో అడిగారు. దయచేసి ఒక్కటి కూడా తీయించకండి. దర్యాప్తును అడ్డుకోవడానికి ఆధారాలు చెరిపితే దానికి 20 ఏళ్ల దాకా శిక్ష ఉంది. ఆ ప్రశ్న లాయర్‌ను కుదుర్చుకున్నాక, మీరు బయట కూర్చున్నప్పుడు, మీ తమ్ముడే అడగాలి.