వెనక్కి వెళ్లి సక్రమంగా రావచ్చు కదా?

ప్రశ్న: అమెరికాలో అనుమతి లేకుండా ఉంటున్నవారు స్వదేశానికి వెళ్లి, సక్రమంగా వీసా తీసుకుని తిరిగి రావచ్చు కదా?

జవాబు: వినడానికి సబబుగానే ఉంది కానీ, 1996 నాటి చట్టమే ఆ దారికి అడ్డుపడుతోంది. 180 రోజులకు మించి అక్రమంగా ఉండి దేశం విడిచినవారికి 3 ఏళ్లు, ఏడాది దాటినవారికి 10 ఏళ్లు పునఃప్రవేశం నిషిద్ధం. దొంగచాటుగా సరిహద్దు దాటి వచ్చి, ఏళ్ల తరబడి అక్కడే ఉండి, అమెరికా పౌరురాలిని పెళ్లాడిన వ్యక్తి గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూ కోసం స్వదేశంలోని కాన్సులేట్‌కు బయలుదేరితే, మినహాయింపు దొరకని పక్షంలో పదేళ్లు భార్యాబిడ్డలకు దూరం కావాల్సిందే. పంపించడానికి చేసిన నిబంధన కాస్తా (విచిత్రమే!) కదలనీయకుండా కట్టిపడేస్తోంది. చట్టం మారిస్తేనే దీనికి దారి: 1986లో అప్పటి అధ్యక్షుడు రీగన్ సంతకంతో ఇలా అనుమతి లేకుండా ఉంటున్న దాదాపు 27 లక్షల మందికి చట్టబద్ధత లభించింది. 2013లో సెనేట్ 68-32 ఓట్లతో ఆమోదించిన వలస సంస్కరణల బిల్లును మాత్రం ప్రతినిధుల సభ ఓటింగుకే పెట్టలేదు.