ఆల్ వీల్ డ్రైవ్ కారు కొంటున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

డెన్వర్‌లో నువ్వు 2017 మోడల్ సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ పాతది ఒకటి చూశావని, బేరం దాదాపు కుదిరిందని అక్కయ్య తెనాలి నుంచి ఫోన్ చేసి చెప్పింది. అది ఎంత వేగంగా పోతుందోనని ఆమెకు భయం; నీకంటే ముందు నడిపినవాడు దానికి ఎలాంటి టైర్లు వేశాడోనని నాకు భయం. నీ జీతంతో నీకు నచ్చిన బండి కొనుక్కుంటున్నందుకు మాత్రం ఇద్దరికీ గర్వంగానే ఉంది.

నువ్వు చూసింది ఆల్ వీల్ డ్రైవ్ బండి, అంటే నాలుగు చక్రాలనూ ఇంజనే తిప్పుతుంది. మాన్యువల్ గేర్ల డబ్ల్యూఆర్‌ఎక్స్‌లో ఇంజను శక్తి మామూలుగా ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ సమానంగా వెళ్తుంది. గేర్‌బాక్స్ వెనుక భాగంలో సెంటర్ డిఫరెన్షియల్ (ముందు వెనుక చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే పళ్లచక్రాల అమరిక), దానికి తోడుగా విస్కస్ కప్లింగ్ ఉంటాయి. ఆ కప్లింగ్‌లో పలుచని పలకలూ వాటి మధ్య చిక్కని సిలికాన్ ద్రవమూ ఉంటాయి. ముందు వెనుకల వేగాల్లో తేడా వస్తే ఆ ద్రవం పలకలను పట్టి ఆపుతుంది, తేడా పెరిగేకొద్దీ వేడెక్కుతుంది. మంచులో ఒక జత చక్రాలు జారినప్పుడు కొద్దిసేపు ఆదుకోవడానికి పెట్టిన ఏర్పాటది. పొడి రోడ్డు మీద గంటల తరబడి అదే పని చేయిస్తే తట్టుకోలేదు.

నేను డెట్రాయిట్ వచ్చిన కొత్తలో నాతో గది పంచుకున్న విజయవాడ కుర్రాడు 2002 మోడల్ డబ్ల్యూఆర్‌ఎక్స్ కొన్నాడు. ఒకరోజు ముందు టైరు పక్కగోడలో మేకు దిగింది. టైర్ల దుకాణంవాడు ఒక్క కొత్త టైరు వేసి, మిగతా మూడూ ఇంకా బాగానే ఉన్నాయన్నాడు. మావాడికి డబ్బు మిగిలిందని సంతోషం. కొత్తదాని ట్రెడ్ (టైరు మీది గాళ్లు) లోతు సుమారు 8 మిల్లీమీటర్లు, పాతవాటిది 4. చూడటానికి చిన్న తేడాయే, కాని చుట్టుకొలతలో అది 25 మిల్లీమీటర్లవుతుంది. ఆ టైరు మొత్తం చుట్టుకొలత 2 మీటర్లు కాబట్టి, అరిగిన టైరు మైలుకు పది చుట్లు ఎక్కువ తిరగాలి. గంటకు 60 మైళ్ల వేగంలో అది నిమిషానికి పది చుట్లన్నమాట. అందులో సగం సెంటర్ కప్లింగ్ మీద పడుతుంది, ఒక్క క్షణం విరామం లేకుండా. పొట్టి ఎద్దునూ పొడుగు ఎద్దునూ ఒకే కాడికి కట్టి షికాగో దాకా తోలినట్లయింది. సుబారువారు ఒప్పుకునే తేడా చుట్టుకొలతలో పావు అంగుళమే, అంటే 6 మిల్లీమీటర్ల పైచిలుకు. చలికాలం వచ్చేసరికి పార్కింగ్‌లో మలుపు తిప్పినప్పుడల్లా బండి మొరాయించి కుదుపుతూ కదిలేది. బాగు చేయించడానికి అయ్యే ఖర్చు విని, ఇంటికి పంపాలని దాచిన డబ్బు గుర్తొచ్చి, వాడు ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

అందుకే ట్రెడ్ గేజ్ కొనుక్కుని వెళ్లి, నాలుగు టైర్లకూ లోపలి అంచున, మధ్యన, బయటి అంచున కొలువు. నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే రకంవి, దాదాపు ఒకే లోతువి కాకపోతే బేరం తగ్గించు, లేదా నాలుగు కొత్త టైర్ల ఖర్చు కలిపి లెక్క వేసుకో. రేపు నీకే ఒక టైరు పాడైతే, కొత్తదాన్ని మిగతావాటి లోతుకు అరగదీసి ఇచ్చే దుకాణాలున్నాయి, వెతుక్కో.

తర్వాత బండిని పావుగంట నడిపి, ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మొదటి గేరులో నెమ్మదిగా గుండ్రంగా తిప్పు. చక్రాలు ఎగిరినట్లు, ఎవరో వెనక్కి లాగుతున్నట్లు అనిపిస్తే దండం పెట్టి వచ్చేయి. అమ్మేవాడు "స్పోర్ట్స్ కార్లు ఇలాగే ఉంటాయి" అంటే నమ్మకు, నాయనా.

ఆయిల్ సంగతి తేలికే. గేర్‌బాక్స్, ముందు డిఫరెన్షియల్ ఒకే ఆయిల్‌తో నడుస్తాయి. వెనుక డిఫరెన్షియల్‌కు వేరే ఉంటుంది, దానికి లీటరు కూడా పట్టదు. పాత యజమాని ఎప్పుడు మార్చాడో రసీదు లేకపోతే రెండూ వెంటనే మార్చేయి. ఖాళీ చేసే ప్లగ్ ముట్టుకునే ముందే పోసే ప్లగ్ ఊడుతుందో లేదో చూడు. అది బిగుసుకుపోయి ఉంటే, ఉన్న ఆయిల్ నేలపాలయ్యాక బండిని కదిలించలేవు. తీసిన ఆయిల్‌లో బూడిదరంగు మడ్డి ఉండటం సహజమే, చేతికి గుచ్చుకునే ఇనుప తునకలు కనిపిస్తే మాత్రం డిఫరెన్షియల్ విప్పించాలి. యాక్సిల్ బూట్లు, అంటే చక్రాలను తిప్పే ఇరుసుల కీళ్లకు తొడిగిన రబ్బరు తొడుగులు, పగిలాయేమో కూడా చూడు.

బండి ఎక్కడైనా ఆగిపోతే ఫ్లాట్‌బెడ్ ట్రక్కే (బండి మొత్తాన్ని పైకెక్కించుకునేది) కావాలని గట్టిగా అడుగు. రెండు చక్రాలు ఎత్తి మిగతా రెండూ నేల మీద ఈడ్చుకెళ్తామంటే, అర్ధరాత్రయినా, ఎముకలు కొరికే చలయినా ఒప్పుకోవద్దు.

ఇక కొండదారి. ఐ-70 హైవే మీద డాట్సెరో, మారిసన్ అనే ఊళ్ల మధ్య సెప్టెంబరు నుంచి మే దాకా అమల్లో ఉండే నిబంధన ప్రకారం ఆల్ వీల్ డ్రైవ్ బండికైనా ట్రెడ్ 3/16 అంగుళం, అంటే 5 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ, ఉండి తీరాలి. నాలుగు చక్రాలూ లాగడం వల్ల బండి త్వరగా కదులుతుందే కాని త్వరగా ఆగదు. బ్రేకు వేసినప్పుడు నీ దగ్గరున్నది టైరు పట్టు ఒక్కటే. ఐసెన్‌హవర్ సొరంగం దాటి దిగేటప్పుడు ముందు బండికి చాలా దూరం వదులు.

టైర్ల కొలతలు కాగితం మీద రాసి ఫోటో తీసి, డబ్బు కట్టకముందే నాకు పంపించు.

ఇట్లు,
నీ మామయ్య